వాట్లా? వాటమా? తోలు కుట్టే యంత్రానికి మోటారు ఎంపిక

కథలూ కవితలూ వ్రాసుకునే చోట ఈ మోటారు గోల ఏమిటని ముక్కున వేలేసుకోబోయే మిత్రులకు ముందుగా ఒక మనవి. చేతిపనివారి కష్టం మీద మన సాహిత్యం కార్చిన కన్నీరు తక్కువేమీ కాదు. మగ్గం మీద, సారె మీద, కొలిమి మీద, చెప్పులు కుట్టే ఆరె మీద, రంపె మీద మనవాళ్ళు వ్రాసినది ఏరితే సంపుటాలు అవుతుంది. కానీ ఆ పనివాడు రేపు పొద్దున అంగడికి వెళ్ళి ఏ మోటారు కొనుక్కోవాలి అన్న ప్రశ్నకు తెలుగులో నాలుగు వాక్యాలు దొరకడం గగనం. కన్నీటికి ఉన్న భాష పనిముట్టుకు లేకపోవడం నాకు మొదటినుంచీ మింగుడుపడని సంగతి. ఈ టపా ఆ లోటులో ఒక చిన్న మూలను పూడ్చే ప్రయత్నం.

నా వాదమేమిటో ముందే చెప్పేస్తాను. తోలు కుట్టే యంత్రానికి మోటారును ఎంచుకోవలసినది అది ఎంత వేగంగా పరుగెత్తుతుందో చూసి కాదు. ఎంత నెమ్మదిగా, ఆ నెమ్మదిలోనూ ఎంత బలంగా నడుస్తుందో చూసి. అందుకు నేటి పరిస్థితులలో చిన్న కార్ఖానాకు సర్వో మోటారే తగినది. అయితే ఉత్త సర్వో కాదు, వేగం తగ్గించే పుల్లీతో కలిపి. ఇక ఆ ఎంపిక చేయవలసినది యంత్రం ముందు కూర్చునే మనిషే తప్ప, అమ్మేవాడూ కాదు, పంచిపెట్టేవాడూ కాదు.

ఎందుకంటారా? తోలుకు క్షమాగుణం లేదు గనుక. బట్ట మీద కుట్టు వంకరపోతే విప్పి, గోటితో నాలుగుసార్లు రుద్దితే పోగులు మళ్ళీ దగ్గరకు జరిగి సూది రంధ్రం చాలావరకు పూడుకుపోతుంది. తోలులో పడ్డ రంధ్రం పడ్డట్టే ఉంటుంది. తంగేడు చెక్కతోనో, తుమ్మ చెక్కతోనో, కరక్కాయతోనో రోజుల తరబడి లందలో నానబెట్టి తీసిన తోలైనా, నేటి క్రోము పద్ధతిలో శుద్ధి చేసిన తోలైనా ఈ విషయంలో ఒకటే. ఒక్క కుట్టు గీత దాటితే ఆ ముక్క మొత్తం మొదటి రకం కాస్తా రెండో రకం అవుతుంది. దగ్గరదగ్గరగా రెండు వరసలు రంధ్రాలు పడితే తపాలా బిళ్ళల తావులాగా అక్కడే చిరుగుతుంది. కాబట్టి తోలు కుట్టేవాడికి కావలసిన మొదటి వరం, తాను అనుకున్న చోట సూదిని ఆపగలగడం. మిగిలిన వరాలన్నీ దాని తరువాతే.

ఇప్పుడు పాత మోటారు సంగతి చూద్దాం. దశాబ్దాలుగా కుట్టు బల్లల కింద వేలాడుతూ వచ్చినది క్లచ్చి మోటారు. అర అశ్వశక్తి ఇండక్షన్ మోటారు అది. మన 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద రకాన్ని బట్టి నిమిషానికి సుమారు 1440 చుట్లో, 2850 చుట్లో తిరుగుతుంది. స్విచ్చి వేసినది మొదలు కట్టేదాకా, మీరు కుట్టినా కుట్టకపోయినా, అది తన వేగంతో తాను హోరుమని తిరుగుతూనే ఉంటుంది. పెడలు తొక్కినప్పుడు బెండు అతికించిన క్లచ్చి బిళ్ళ ఆ తిరుగుతున్న చక్రానికి ఆనుతుంది, బెల్టు కదులుతుంది, సూది దిగుతుంది. నెమ్మదిగా కుట్టాలంటే క్లచ్చిని పూర్తిగా ఆననివ్వకుండా, సగంలో రాపాడించాలి. కారు నడిపేవారు ఎత్తు మీద బండి ఆపి హాఫ్ క్లచ్చి పట్టినట్టన్నమాట. పాదం ఒక నూలుపోగంత ముందుకు జరిగితే సూది నాలుగు కుట్లు ముందుకు దూకుతుంది.

బట్టల కర్మాగారానికి ఇది సరిపోయింది. అక్కడి యంత్రాలు నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసేందుకు పుట్టినవి. పొడవాటి తిన్నని కుట్లు, విరామం లేని పరుగు. అదే మోటారును తెచ్చి తోలు యంత్రం కింద బిగించడంతో వచ్చింది చిక్కంతా. నాలుగైదు మిల్లీమీటర్ల మందం పైబడిన తోలు కుట్టే బరువు యంత్రాల గరిష్ఠ వేగమే నిమిషానికి ఎనిమిది వందల కుట్ల చుట్టుపక్కల ఉంటుంది. కుట్టేవాడు నిజంగా వాడుకునేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పైగా దట్టమైన తోలులో సూది అతివేగంగా దిగి లేస్తుంటే రాపిడికి వేడెక్కుతుంది. నైలాను, పాలియెస్టరు దారాలు ఆ వేడికి మెత్తబడి తెగుతాయి. దారం నాసిరకమని కొట్టువాడిని తిట్టుకునే సందర్భాలలో కొన్నింటికైనా అసలు దోషి మోటారు.

ఇక సర్వో. పదప్రియులకు ఒక చిన్న ముచ్చట. ఈ మాటకు మూలం సేవకుడని అర్థం వచ్చే లాటిన్ శబ్దం. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జోసెఫ్ ఫార్కో ఓడల చుక్కానిని ఆవిరి బలంతో తిప్పే యంత్రాన్ని గురించి 1873లో వెలువరించిన గ్రంథానికి ఈ మాటనే పేరుగా పెట్టాడు. చుక్కాని పట్టినవాడి చేయి ఎటు కదిలితే అంత బరువైన యంత్రమూ అటే, అంతే కదలడం ఆ ఏర్పాటులోని గుట్టు. పేరు పెట్టడమంటే అలా పెట్టాలి! క్లచ్చి మోటారు కళ్ళెం పట్టి ఆపుకోవలసిన గుర్రమైతే, సర్వో చెప్పినప్పుడు మాత్రమే లేచే బంటు. నేటి కుట్టు సర్వోలలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. అది ఏ క్షణాన ఏ స్థానంలో ఉందో సెన్సర్లు పెట్టెలోని సర్క్యూటుకు చెబుతుంటాయి. పెడలు ఎంత తొక్కితే అంత వేగం. పాదం తీస్తే నిశ్శబ్దం. పరుగు ఎంతకు మించరాదో ముందే మీట తిప్పి కట్టడి చేసుకోవచ్చు. కుట్టని వేళల్లో మోటారు తిరగదు గనుక కరెంటు ఆదా, హోరు లేదు, బల్ల కింద మోకాళ్ళకు సెగ లేదు. తోలు పనిలో సూది కదిలే సమయం కన్న జిగురు పూయడం, మడవడం, సర్దడం ఎక్కువ కనుక ఈ ఆదా చిన్నదేమీ కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అంగట్లో అడుగుపెట్టగానే అసలు మాయ మొదలవుతుంది. అమ్మేవాడు చెప్పే మాట ఒక్కటే: వాట్లు. ఇది 550, అది 750, మీకు తోలు కదా, 750 తీసుకోండి అంటాడు. ఈ మాట నమ్మి ఇంటికి తెచ్చుకున్నవాడు రెండు పొరలు అతికిన చోట, మడత ఎక్కే చోట సూది దిగక మోటారు గుర్రుమని ఆగిపోతే నివ్వెరపోతాడు. అర అశ్వశక్తి, అంటే సుమారు 373 వాట్ల పాత మోటారు దూసుకుపోయిన చోట 750 వాట్లది ఎందుకు చతికిలబడింది?

కొంచెం లెక్క చేద్దాం, భయపడకండి. సూదిని తోలులోకి దించేది వాట్లు కాదు, తిప్పే బలం. దానినే టార్క్ అంటారు. వాట్లంటే ఆ తిప్పే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. 750 వాట్ల సర్వో ఆ శక్తిని నిమిషానికి 4500 చుట్ల వేగం దగ్గర ఇస్తుందనుకుంటే, దాని తిప్పే బలం సుమారు 1.6 న్యూటన్ మీటర్లు. 373 వాట్ల క్లచ్చి మోటారు 1440 చుట్ల దగ్గర ఇచ్చేది సుమారు 2.5. వాట్లలో సగమే ఉన్నది బలంలో ఒకటిన్నర రెట్లయింది! పైగా ఎడతెగక తిరిగే బరువైన చక్రంలో తిరగలి రాయిలో ఉన్నట్టు ఊపు నిలవ ఉంటుంది. క్లచ్చి ఆనగానే ఆ ఊపంతా సూది మీదికి వస్తుంది. సున్నా నుంచి లేవవలసిన సర్వోకు ఆ నిలవ ఉండదు. పాత మేస్త్రీలు "దాని దెబ్బ దీనికి లేదు" అనడంలో చాదస్తం లేదు, భౌతికశాస్త్రమే ఉంది.

దీనికి మందు ఇంకా పెద్ద మోటారు కాదు. వేగం తగ్గించే పుల్లీ. మోటారుకూ యంత్రానికీ నడుమ ఒక ఇరుసు మీద పెద్ద చక్రమొకటి, చిన్న చక్రమొకటి. మోటారు బెల్టు పెద్దదాన్ని తిప్పుతుంది, చిన్నది యంత్రాన్ని తిప్పుతుంది. నిష్పత్తి మూడుకు ఒకటి అయితే వేగం మూడో వంతుకు పడిపోయి, బలం బెల్టుల రాపిడికి పోగా దాదాపు మూడు రెట్లు అవుతుంది. బావి గిలకనూ ఏతామునూ ఎరిగిన జాతికి ఇది కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

ఒక ఉదాహరణ చూడండి. మోటారు పుల్లీ 50 మిల్లీమీటర్లు, యంత్రం చేతిచక్రం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. మోటారు నిమిషానికి 200 చుట్ల దగ్గర కదలడం మొదలుపెడితే సూది నిమిషానికి 100 కుట్లు వేస్తుంది. అంటే సెకనుకు ఒకటికి మించి. చెప్పు మొన దగ్గర వంపు తిరిగేటప్పుడు ఇది చేతికి అందని వేగమే. నడుమ మూడుకు ఒకటి పుల్లీ పెట్టండి. అదే మోటారుతో నిమిషానికి 33 కుట్లు. ఒక్కో కుట్టుకు రెండు సెకన్లకు దగ్గరగా. కన్ను చూడగలదు, చేయి తిప్పగలదు. అలాగని పైవేగం చేజారిందా? మోటారు 4500 చుట్లు తిరిగినప్పుడు సూది 750 కుట్లు వేస్తుంది. కుట్టు నిడివి 4 మిల్లీమీటర్లయితే అది నిమిషానికి మూడు మీటర్ల కుట్టు. చేసంచీ, బెల్టు, చెప్పు కుట్టేవాడికి ఇంతకు మించి ఏం కావాలి?

అందుచేత అంగట్లో అడగవలసిన మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" కాదు, "ఎంత నెమ్మదిగా మొదలవుతుంది?" అన్నది. కొన్ని చవక సర్వోలు 200 చుట్ల దగ్గర కాదు గదా, 500 దాకా ఎగిరి అప్పుడు గానీ కదలవు. పెడలు తాకగానే సూది ఉలిక్కిపడుతుంది. నోటి మాట నమ్మనక్కరలేదు. మోటారును యంత్రానికి బిగింపించి, మీరు కుట్టే తోలు ముక్కే వెంట తీసుకువెళ్ళి, మీరు వాడే దారంతో, మీరు వాడే సూదితో ఒక్కొక్క కుట్టు లెక్కపెడుతూ నడిపి చూడండి. మడత ఎక్కించండి. మధ్యలో ఆపి మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టండి. చేతిచక్రాన్ని తాకకుండా మడత దాటితే ఆ మోటారు మీది. తోలు ముక్క వద్దు, కాగితం మీద నడిపి చూపిస్తాననే దుకాణానికి నమస్కారం పెట్టి బయటపడండి.

రెండవది, సూదిని పైననో కిందనో ఆపే ఏర్పాటు. మూల తిప్పేటప్పుడు సూది తోలులో దిగి ఉండాలి. అట్టడుగున కాక, అక్కడినుంచి రవ్వంత పైకి లేచి ఉంటే దారపు ఉచ్చు కింది కొక్కేనికి చిక్కి ఉంటుంది, తిప్పినా కుట్టు తప్పదు. ఈ పని సర్వో తనంత తాను చేయగలదు. కానీ నడుమ వేగం తగ్గించే పుల్లీ పెట్టినప్పుడు మోటారు చుట్టుకూ సూది చుట్టుకూ పొంతన ఉండదు. కాబట్టి సూది స్థానం కనిపెట్టే పరికరం యంత్రం చేతిచక్రం మీదే ఉండాలి. మోటారులోనే అన్నీ ఉన్నాయి అంటే ఇక్కడ చెల్లదు. మూడవది, మోటారు ఇరుసు మందమూ పుల్లీ రంధ్రమూ సరిపోవాలి. తిరిగే దిశ మార్చుకునే వీలుండాలి. విదేశాలనుంచి ఎవరో తెచ్చి ఇచ్చినదైతే అది మన 230 వోల్టులదేనా, 110 వోల్టులదా అన్నది స్విచ్చి వేయకముందే చూడాలి. చిన్న సంగతులే, కానీ వాటి వల్ల పని వారం రోజులు నిలిచిపోతుంది.

సర్వోకు నేను వత్తాసు పలుకుతున్నంత మాత్రాన అవతలి పక్షానికి వాదం లేదని కాదు. ఉంది, గట్టిదే. క్లచ్చి మోటారు కాలితే మండల కేంద్రంలో పంపుసెట్లు కట్టే వైండింగు మేస్త్రీ రాగి తీగ చుట్టి మళ్ళీ నిలబెడతాడు. సర్వో పెట్టెలోని సర్క్యూటు పోతే ఆ మేస్త్రీ చేతులెత్తేస్తాడు. కొత్త బోర్డు తెప్పించాలి, అది వచ్చేదాకా బల్ల ఖాళీ. మన పల్లెల్లో కరెంటు ఎప్పుడు పడిపోతుందో, ఎప్పుడు ఎగిసిపడుతుందో తెలిసినవారికి ఈ భయం ఊరికే వచ్చినది కాదు. కాబట్టి బోర్డు విడిగా దొరికే రకాన్నే కొనాలి. మంచి ఎర్తింగు, స్టెబిలైజరు ఖర్చు కూడా మోటారు ధరలో భాగమనే అనుకోవాలి. పని ముగియగానే గోడ దగ్గరే స్విచ్చి కట్టాలి. ఇవేవీ కుదరని చోట పాత మోటారునే ఉంచి, దానికే చిన్న పుల్లీ, నడుమ వేగం తగ్గించే పుల్లీ బిగించుకోవడం తెలివైన పని. 2850 చుట్లది తీసేసి 1440 చుట్లది పెట్టుకున్నా సగం బాధ తీరుతుంది. సర్వో లేకపోతే తోలు కుట్టలేమని నేను అనను.

రెండవ ఆక్షేపణ మేస్త్రీల నుంచి వస్తుంది. ముప్పై ఏళ్ళు పాదంతో క్లచ్చిని లాలించినవారికి సర్వో పెడలు మొద్దుగా తోస్తుంది. వారి పాదంలో ఉన్న విద్య సామాన్యమైనది కాదు, దానికి నేను చేతులు జోడిస్తాను. అయితే ఒక్క మాట. ఆ విద్యలో పెద్ద భాగం తోలును గెలవడానికి కాక, తోలుకు తగని మోటారును లొంగదీయడానికి ఖర్చయింది. కొత్తగా పని నేర్చుకునే పిల్లవాడు, ఇంటి వద్ద సంచులు కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకునే ఇల్లాలు మళ్ళీ అదే సుంకం ఎందుకు చెల్లించాలి? ఆ ఏళ్ళు తోలు ఎంచడంలో, అంచు గీయడంలో, రంపె పట్టడంలో పెడితే పని పెరుగుతుంది. క్లచ్చి కింద వేలు పెట్టి సూది గుచ్చించుకోవడాన్ని గురుదక్షిణ అనుకునే రోజులు పోవాలి. ఉన్న మేస్త్రీల బల్ల కింద నుంచి మోటారును బలవంతంగా ఊడబీకమని కాదు. కొత్తవారి బల్ల కింద ఏది బిగించాలన్నదే నా ప్రశ్న.

అసలు మోటారే వద్దనవలసిన చోట్లూ ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద చెప్పుల మరమ్మతు చేసేవారి ముందు కనిపించే పొడుగు చేతి యంత్రానికి మూలపురుషుడు స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారంలో తయారైన సింగర్ 29కె. ఆ కర్మాగారం 1980లో మూతపడింది, యంత్రాలు మాత్రం ఇంకా కుడుతూనే ఉన్నాయి. ఏ దిక్కుకైనా తిరిగే పాదం, చేతితో తిప్పే చక్రం; అతుకు వేయడానికి అదే దాని అందం. దానికి మోటారు తగిలించడం ఎద్దుబండికి హారను పెట్టడం వంటిది. అలాగే రెండు సూదులతో ఎదురెదురుగా చేత్తో కుట్టే కుట్టుకు ఏ యంత్రమూ సాటి రాదు. యంత్రపు కుట్టులో పైదారమూ కిందిదారమూ తోలు మధ్యలో మెలిపడి ఊరుకుంటాయి. ఒకచోట తెగితే పక్కకుట్లూ సడలుతాయి. చేతికుట్టులో ఒకే దారం అటూ ఇటూ పోతుంది గనుక ఒక కుట్టు తెగినా పక్కది పట్టు వదలదు. గుర్రపు జీను అలా కుట్టడం ఊరికే కాదు. యంత్రం ఆ చేతిపనికి వారసత్వం కోరుకుంటే, కనీసం దాని నిదానాన్నైనా నేర్చుకోవాలి కదా.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చెప్పులు కుట్టేవారి వృత్తి ఒకటి. శిక్షణతోపాటు పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఈ-వోచరు, ఆపై తక్కువ వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల అప్పు అందులోని ముఖ్యాంశాలు. మంచిదే. కానీ పనిముట్ల పంపకమన్నది మన దేశంలో ఎప్పుడూ ఒక మూసలో సాగుతుంది. ఒకే పెట్టె, ఒకే జాబితా, ఒకే ఫొటో. తోలు కుట్టే మంచి యంత్రం పదిహేను వేలకు రాదు. కానీ ఇంట్లో ఉన్న పాత యంత్రం కింద మంచి మోటారూ పుల్లీ బిగించుకోవడం వేరే సంగతి. దానికి ఆ పాటి సొమ్ము అక్కరకు వస్తుంది, మనిషి పనిలో మార్పూ కనిపిస్తుంది. ఉన్న యంత్రాన్ని మెరుగు చేసుకుంటానన్నవాడికి ఆ దారి తెరిచి ఉండాలి. ఇచ్చే శిక్షణలో ఒక పూట మోటారు మీద, పుల్లీ లెక్క మీద కేటాయించాలి. పుల్లీ లెక్క ఐదో తరగతి భాగహారమే. అది తెలిసినవాడిని వాట్ల పేరుతో ఎవరూ మోసం చేయలేరు.

చెన్నైలో 1948లో నెలకొన్న కేంద్ర తోలు పరిశోధనాలయం ఉంది, ఆంబూరు, రాణిపేట, కాన్పూరు, ఆగ్రాలలో పెద్ద పరిశ్రమలు ఉన్నాయి. వారికి ఇంజనీర్లు ఉన్నారు, వారి మోటార్లను వారు ఎంచుకుంటారు. ఆ ఇంజనీరు లేనిది మన ఊరి చివరి గదిలో ఒకే యంత్రంతో పనిచేసేవాడికి. తరతరాలుగా ఊరికి చెప్పులూ, మోటబావికి తోలుబొక్కెనలూ, పండుగకు డప్పూ ఇచ్చిన చేతులకు తమ పనిముట్టు గురించి సలహా చెప్పేవారు రాలేదు, ఆజ్ఞాపించేవారే వచ్చారు. ఆ మనిషి తన తోలు ముక్క పట్టుకుని అంగట్లో నిలబడి "ఇది ఎంత నెమ్మదిగా నడుస్తుంది?" అని అడిగే రోజు రావాలని నా ఆశ.

మీ ఊళ్ళో తోలుపని చేసేవారెవరైనా ఉంటే వారి బల్ల కింద ఏ మోటారు ఉందో, దానితో వారు పడుతున్న పాట్లు ఏమిటో కనుక్కుని వ్యాఖ్యలలో వ్రాయండి. ఆరె, రంపె, లంద వంటి మాటలు మీ ప్రాంతంలో ఎలా పలుకుతారో, ఇంకా ఏ పనిముట్ల పేర్లు వాడుకలో ఉన్నాయో కూడా చెప్పగలిగితే ఎంతో మేలు. ఇక వేగం తగ్గించే పుల్లీకి వారు పెట్టుకున్న పేరేదైనా ఉంటే, మనం కూర్చుని కల్పించే పేరు కన్న అదే నాకు ముద్దు.